రిమార్కుల గడి

ఏడో అధ్యాయం

క్యాథరిన్ మూడో నంబరు రొయ్యల గుంట గట్టు మీద కాలు పెట్టేసరికి గురువారం ఉదయం పది నలభై అయింది. హజరత్తయ్యకి నిన్న మధ్యాహ్నం అరెస్టు చూపించారు, ఇవాళ రెండింటిలోపు అతన్ని మేజిస్ట్రేటు ముందు హాజరు పెట్టాలి. పెడితే రిమాండు ఖాయం. గుంటల్లో మేత చల్లుకుని బతికే మనిషి ఒకసారి హత్య కేసులో లోపలికి పోతే, బయటికి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఆమెకు బాగా తెలుసు. ఇరవై రెండేళ్ళు ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పనిచేసి, గడువు కంటే ముందే రిటైరై, కావలిలో రెండు గదుల డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి ఆమె. ఈ రోజు పొద్దున ఏడింటికి హజరత్తయ్య భార్య వెంకటశేషమ్మ ఆ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే, కాఫీ కూడా తాగకుండా బయల్దేరింది.

జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేయొచ్చు. మొన్న మంగళవారం పొద్దున, బోగోలు మండలంలో సముద్రానికి కిలోమీటరు దూరంలో ఉన్న ఈ గుంటలో, టెక్నీషియన్ రూఫస్ బోర్లా తేలాడు. తల వెనక దెబ్బ. వయసు ఇరవై ఆరు. ఆ సమయానికి గుంటల దగ్గర ఉన్నది హజరత్తయ్య ఒక్కడే.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ నరేంద్రబాబు ఆమెను చూసి నవ్వాడు. పదేళ్ళ కిందట ట్రైనింగ్‌లో ఆమె దగ్గర పాఠం విన్నవాడు. మనిషి చురుకు, నిజాయితీపరుడు. కాకపోతే అంకె కనబడితే చాలు, ఆకలి కూడా మరిచిపోతాడు.

"మీరు రావడం సంతోషమే మేడమ్. కానీ కేసు అయిపోయింది."

"అయిపోయిన కేసుకి ముద్దాయిని ఇంత దూరం ఎందుకు తీసుకొచ్చారు?"

"సీన్ పంచనామాకి. పావుగంట పని." అతను చేతి గడియారం చూసుకున్నాడు. "మీకు నాలుగు అంకెలు చెప్తాను. ఈ గుంటలకి దారి ఒక్కటే. ఆ దారి మొదట్లో ఐస్ ఫ్యాక్టరీ ఉంది, దానికి కెమెరా ఉంది. మంగళవారం తెల్లవారుజామున నాలుగూ ఇరవై రెండుకి విజయభాస్కర్ గారి కారు లోపలికి వచ్చింది. ఐదూ పద్దెనిమిదికి బయటికి వెళ్ళింది. ఐదూ నలభై ఒకటికి హజరత్తయ్య సైకిలు లోపలికి వచ్చింది. ఆ తర్వాత పురుగు కూడా రాలేదు."

"మూడే చెప్పారు."

"నాలుగోదే అసలుది. ఆరు గంటలు. ఆరింటికి రూఫస్ గుంట నీళ్ళు కొలిచి రిజిస్టర్లో రీడింగు రాశాడు. అంటే ఆరింటికి బతికే ఉన్నాడు. ఆరూ ఇరవై ఐదుకి హజరత్తయ్య ఐస్ ఫ్యాక్టరీ దగ్గరికి పరిగెత్తుకొచ్చి కేకలు పెట్టాడు. మధ్యలో ఇరవై ఐదు నిమిషాలు, ఇద్దరు మనుషులు. ఇందులో తీసివేత తప్పితే ఏముంది?"

"డాక్టరు ఏమన్నాడు?"

"నాలుగు నుంచి ఆరున్నర మధ్య అన్నాడు. నీళ్ళలో పడి ఉన్నాడు కాబట్టి అంతకంటే కచ్చితంగా చెప్పలేనన్నాడు. రిజిస్టరు చెప్పింది."

విజయభాస్కర్ గట్టు చివర తన కారుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. కావలిలో రొయ్యల మందుల షాపు ఉంది, చుట్టుపక్కల రైతులకి సలహాలు చెప్తాడు. గుంటల యజమాని పెంచలకృష్ణ పనిమీద చెన్నైలో ఉండిపోవడంతో, రూఫస్ పోయాక రొయ్యల బాగోగులు ఈయనే చూస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. క్యాథరిన్‌కి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు.

"మంగళవారం వచ్చారట?"

"అవును మేడమ్. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతోందని రూఫస్ ఫోన్ చేస్తే వచ్చాను. ఆక్సిజన్ ఎంత, ఉప్పు ఎంత, ఆ అంకెలు తప్ప మేం ఇంకేమీ మాట్లాడుకోలేదు. వెళ్ళేటప్పుడు చెయ్యి ఊపాడు కూడా. మంచి కుర్రాడు." అతను తల వంచుకున్నాడు. "ఐదూ యాభైకి హైవే మీద టీ తాగుతున్నాను. ఆరున్నర దాకా అక్కడే ఉన్నాను. ఆ హోటల్లో కెమెరా ఉంది. సీఐ గారు చూశారు."

అడగని అలిబీ చేతికందించిన మనిషిని క్యాథరిన్ ఒకసారి ఎగాదిగా చూసింది.

హజరత్తయ్య షెడ్డు నీడలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ఎండకి ఎండిన ఒళ్ళు. పక్కనే కానిస్టేబుల్. కాస్త దూరంలో వెంకటశేషమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. క్యాథరిన్ వెళ్ళి అతని ఎదురుగా ఖాళీ మేత డబ్బా బోర్లించుకుని కూర్చుంది.

"స్టేట్‌మెంట్లో మూడుసార్లు మూడు టైములు చెప్పావటగా?"

"సారు ఎన్నింటికి, ఎన్నింటికి అని ఒకటే అడుగుడమ్మా. నాకు గడియారం లేదు. ఒకతూరి ఆరంటి, ఇంకోతూరి ఆరున్నరంటి. అబద్ధాలు చెప్తాండావురా అంటాడు. నేనేం చేసేది?"

"టైము నాకొద్దు. నువ్వొచ్చేసరికి ఇక్కడ ఎట్టా ఉండింది? చూసింది చూసినట్టు చెప్పు."

హజరత్తయ్య తలెత్తాడు. రెండు రోజుల్లో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు కాబోలు, చెప్పడం మొదలుపెట్టాక అతని గొంతులో తడబాటు పోయింది.

"షెడ్డులో లైటు ఎలగతా ఉండింది. రూఫస్ బాబు లేడు. ఒకటో గుంట కాడికి పోయుంటాడులే అనుకున్నా. బల్ల మీద గళాసులో టీ ఉండింది, తాగలా. పైన తరక కట్టి ఉండింది. ముట్టుకుంటే సల్లగా ఉండాది. అదేందబ్బా, టీ వదిలిపెట్టే మడిసి కాదే అనుకున్నా. మేత కలుపుకున్నా. ఒకటో గుంటకి పోయి చల్లినా. రెండో గుంటకి చల్లినా. మూడో దాని కాడికి వచ్చినాక..." అతను గుంట వైపు చూశాడు. "నీలం చొక్కా కనపడింది తల్లీ. దూకినా. బయటికి లాగినా. వొళ్ళు చెక్కమాదిరి ఉండింది."

"నువ్వు షెడ్డులోకి వచ్చింది మొదలు రూఫస్‌ని చూడనే లేదు?"

"ఈ కళ్ళతో చూళ్ళా."

వెనక నిలబడి వింటున్న నరేంద్రబాబు అందుకున్నాడు. "ఇవన్నీ ఇతని మాటలు మేడమ్. తరక, చెక్క, చల్లదనం. వీటిని ఏ త్రాసులో తూస్తాం? సోమవారం సాయంత్రం టీ కొట్టు దగ్గర ఇద్దరూ కొట్లాడుకున్నారు. నీ మీటరు గుంటలో పారేస్తానని ఇతను, నీ నాలుక కోసేస్తానని అతను. సాక్షులు ఐదుగురు."

హజరత్తయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అది కొట్లాటా సారూ? అది మా ఆట. రోజూ పొద్దున నేను గుంటలో వేలు ముంచి నాలిక్కి రాసుకుని ఉప్పు ఎంతుందో చెప్తా. బాబు గొట్టంలో చుక్కేసి చూస్తాడు. ఓడిపోయినోడు టీ పోయించాల. నాలుగు నెలల్లో నేను ఓడింది ఎనిమిది తూర్లు. నా నాలిక కోసి ల్యాబులో పెడతానని నవ్వతా ఉంటాడు."

రొయ్యల పనిలో పాత చేతులు చాలామంది నీళ్ళు నాలుకతో చూస్తారని క్యాథరిన్‌కి తెలుసు. మీటర్లు వచ్చాక కొత్తగా చదువుకొచ్చిన కుర్రాళ్ళు దాన్ని చూసి నవ్వుతారు. ఈ రూఫస్ నవ్వి ఊరుకోకుండా పందెం కట్టాడు. ఆ కుర్రాడిని ఒక్కసారైనా చూసి ఉంటే బాగుండేదనిపించి ఆమెకు మనసు కలుక్కుమంది.

"నరేంద్రబాబు గారూ, ఆ రిజిస్టరు ఒకసారి ఇస్తారా?"

"గ్లవ్స్ వేసుకోండి."

"అది మీకు నేర్పింది నేనే."

అతను నవ్వి కవరు అందించాడు. పొడవాటి గళ్ళ పుస్తకం. రోజుకి నాలుగు వరసలు: ఉదయం ఆరు, సాయంత్రం ఆరు, రాత్రి పది, రెండు. ప్రతి వరసలో ముందు ఆక్సిజన్, వేడి, ఉప్పు, ఆ తర్వాత చివర్న వెడల్పాటి గడి ఒకటి. దాని పైన 'రిమార్కులు' అని అచ్చయి ఉంది.

"అంకెలన్నీ రూఫస్ రాతలాగే ఉన్నాయి," అన్నాడు నరేంద్రబాబు. "హ్యాండ్‌రైటింగ్ రిపోర్టుకి రెండు వారాలు పడుతుంది. రీడింగులో అనుమానించాల్సింది ఏమీ లేదు. ముందు రోజు మూడు పాయింట్ తొమ్మిది, ఆ రోజు ఇంచుమించు అంతే."

"రిమార్కులు చదివారా?"

"అందులో కొలతలేమీ లేవు కదా మేడమ్."

క్యాథరిన్‌కి కోపం రాలేదు, నవ్వొచ్చింది. "నిమ్మకాయ గుర్తుందా?"

నరేంద్రబాబు చెవులు ఎర్రబడ్డాయి. ట్రైనింగ్ మొదటి రోజున ఆమె క్లాసులో తలా ఒక గూడూరు నిమ్మకాయ ఇచ్చి, పరిశీలించి రాయమంది. రంగు, వాసన, మెత్తదనం లాంటివి గుణాత్మక పరిశీలన. బరువు, పొడవు లాంటివి పరిమాణాత్మక పరిశీలన. రెండూ ఉంటేనే రిపోర్టు అని చెప్పింది. నరేంద్రబాబు తన కాయ బరువు నలభై రెండు గ్రాములని, చుట్టుకొలత పదమూడు సెంటీమీటర్లని అందరికంటే ముందు రాసి ఇచ్చాడు. కాయ ఒక పక్క కుళ్ళి ఉందన్న సంగతి రాయలేదు.

"కోర్టులో కొలతకి విలువ, మాటకి కాదు. అదీ నేను ఈ ఉద్యోగంలో నేర్చుకున్నది," అన్నాడతను కాస్త బిరుసుగా. "మాట మనిషిని బట్టి మారుతుంది. మీటరు మారదు."

"మీటరు మారదు. దాని పక్కన రాసే చెయ్యి మారుతుంది. సరే, నాతోపాటు చదవండి. ఆదివారం ఉదయం ఆరు."

అతను తప్పనిసరై వంగాడు. రిమార్కుల గడిలో రూఫస్ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: 'హ. ఉప్పు 18 అన్నాడు, గెలిచాడు. నీళ్ళు కషాయం రంగు. మేత కొరికి చేదుగా ఉందన్నాడు. నేనూ కొరికాను. చేదే.'

"హ. అంటే?"

"హజరత్తయ్య. సోమవారం ఉదయం చదవండి."

'హ. 17 అన్నాడు, ఓడిపోయాడు. మేత ఇవాళా చేదు. కొత్త విటమిన్ పొడి కలిపాకే మొదలైంది. వి.భా. గారిని అడగాలి.'

నరేంద్రబాబు ఆ వరసని ఇంకోసారి చదివాడు. క్యాథరిన్ వెనక్కి పేజీలు తిప్పుతూ పోయింది. నాలుగు నెలలు. పొద్దుటి వరస ప్రతిదీ 'హ.' తోనే మొదలు. హజరత్తయ్య జ్వరంతో రాని రెండు రోజులు కూడా 'హ. లేడు. పందెం లేదు' అని ఉంది. మిగతా పూటల్లోనూ నురుగనో, గాలనో, కొంగలు దిగాయనో ఏదో ఒకటి రాయకుండా రూఫస్ ఏ గడీ వదల్లేదు. సోమవారం రాత్రి రెండింటి దాకా అంతే: 'గాలి లేదు. నురుగు తగ్గింది. వి.భా. గారు తెల్లవారేలోపు వస్తానన్నారు.'

దాని కింద ఉదయం ఆరు. అంకెలు ఉన్నాయి. రిమార్కుల గడి ఖాళీ.

"ఆరింటికి హజరత్తయ్య ఇక్కడ ఉన్నాడు. మీ కెమెరానే చెప్పింది," అందామె నింపాదిగా. "నాలుగు నెలలుగా ఇతని నాలుక చెప్పింది రాయకుండా పొద్దుటి వరస ముగించని కుర్రాడు, మనిషి ఎదురుగా ఉండగా ఆ ఒక్క రోజు ఎందుకు వదిలేశాడు?"

"కొట్లాడుకున్నారు కాబట్టి."

"కొట్లాడితే నురుగు సంగతి రాయచ్చు, రంగు సంగతి రాయచ్చు. ఏమీ రాయలేదు. ఎందుకంటే అది రాసినవాడు గుంటని చూడలేదు. ఆరింటికి నీళ్ళు ఏ రంగులో ఉంటాయో ఐదింటికి చీకట్లో వాడికెలా తెలుస్తుంది? నిన్నటి అంకె చూసి ఇవాళ్టి అంకె వేసేయచ్చు. అంకెల్లో చేతిరాత దాచుకోవడం కూడా తేలిక. మాట రాయాలంటే చూసి ఉండాలి, పైగా అక్షరాలు పట్టిస్తాయి."

"ఊహ," అన్నాడు నరేంద్రబాబు. కానీ అతని వేలు ఆ ఖాళీ గడి మీద నుంచి కదల్లేదు.

"అయితే మీకు నచ్చే దారిలోనే వెళ్దాం. అంకెలు చూడండి. విలువ కాదు, రూపం. సోమవారం ఆక్సిజన్ ఎంత?"

"3.9."

"ఆదివారం?"

"3.9. శనివారం 4.1." అతను గొంతు తగ్గించాడు. "మంగళవారం ఆరింటికి 3.84."

"వేడి?"

"రోజూ 27.6, 27.8, అలా. మంగళవారం 27.62."

క్యాథరిన్ లేచి షెడ్డులోకి నడిచింది. చెక్కబల్ల, గోడకి మేకు, మేకుకి వేలాడే పసుపుపచ్చ మీటరు. పక్కన రూఫస్ సోదరులెవరో వచ్చి తీసుకుపోవడం మరిచిన చిన్న బైబిలు. ఇంకో మీటరు ఉందేమోనని బల్ల సొరుగు, అటక, మేత బస్తాల వెనక అన్నీ వెతికింది, దొరకలేదు. కానిస్టేబుల్ బకెట్టుతో గుంట నీళ్ళు తెచ్చాడు. మీటరు ముంచితే తెర మీద 5.2 అని కనిపించింది. ఎంతసేపు ఉంచినా పాయింటు తర్వాత రెండో అంకె రాలేదు, రాదు కూడా. ఆ మీటరు తయారైందే అలా.

"పోనీ ఇంకెవరి మీటరైనా అరువు తెచ్చుకున్నాడేమో," అన్నాడు నరేంద్రబాబు. వాదించాలని కాదు, ఆలోచిస్తున్నాడు.

"ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కుందాం." ఆమె గుమ్మంలోంచి పిలిచింది. "విజయభాస్కర్ గారూ, ఒక చిన్న సాయం. మీ మీటరుతో ఈ గుంట ఒకసారి కొలిచి, నా పుస్తకంలో రాసిపెడతారా?"

అతను వెంటనే కారు డిక్కీ తీశాడు. నల్లటి పెట్టె, అందులో కొత్త మీటరు. గట్టు మీద వంగి తీగ నీళ్ళలోకి వదిలాడు. పనిమంతుడి చెయ్యి, తొందరలేదు. క్యాథరిన్ అప్పటికే తన నోటు పుస్తకంలో రిజిస్టరులో ఉన్నట్టే గళ్ళు గీసి ఉంచింది. అతను పదకొండూ పది అని టైము వేసి, ఆక్సిజన్ 5.23, వేడి 30.14, ఉప్పు 18 అని రాసి పుస్తకం తిరిగి ఇచ్చాడు.

"రిమార్కులు?"

"అంకెలున్నాయి కదా మేడమ్. ఇంకా రాయడానికేముంది?"

"నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి?"

అతను గుంట వైపు తిరిగి చూశాడు. అప్పటిదాకా చూడలేదన్న సంగతి అందరికీ తెలిసిపోయింది.

నరేంద్రబాబు రిజిస్టరునీ నోటు పుస్తకాన్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. 3.84, 5.23. రెండు ఖాళీ గళ్ళు.

విజయభాస్కర్ పుస్తకాలు చూసి, మనుషుల్ని చూసి, మెల్లగా నవ్వాడు. "ఓహో. దీనికా ఇంత తతంగం? ఇటువంటి మీటర్లు జిల్లాలో వంద ఉంటాయి. నేను వచ్చినప్పుడు రూఫస్ నా మీటరు చూసి, ఆ అలవాటులో రెండు అంకెలు వేసి ఉంటాడు. ఇది కోర్టులో నిలబడుతుందా, సీఐ గారూ?"

"నిలబడదు," అంది క్యాథరిన్, నరేంద్రబాబు కంటే ముందే. "ఆయన చెప్పింది నిజమే. అంకె ఒక్కటే సాక్ష్యం కాదు. హజరత్తయ్యా, ఇట్టా రా."

మేత బస్తాల్లో ఒకటి విప్పి ఉంది. హజరత్తయ్య అందులోంచి నాలుగు పలుకులు తీసుకుని నోట్లో వేసుకుని కొరికాడు. అందరూ అతని దవడనే చూస్తున్నారు. అతను నాలుక చప్పరించి తల అడ్డంగా ఊపాడు.

"చేదు లేదమ్మా. ఇది ఆ మేత కాదు."

"పాత బస్తా తడిసి బూజు పట్టింది. మంగళవారం మధ్యాహ్నం నేనే పారేయించాను," అన్నాడు విజయభాస్కర్. "మేత కొరికి కేసు నడపడం నేనెక్కడా చూడలేదు మేడమ్."

"చేదేమిటో నాకూ తెలీదు, నా దగ్గర మీటరు లేదు," అంది క్యాథరిన్. "కానీ రోగం రాకుండా రొయ్యల మేతలో కలిపే నిషేధించిన మందొకటి ఉంది. నోట్లో పెడితే చేదు. ఎగుమతి సరుకులో అది దొరికితే మొత్తం వెనక్కి వస్తుంది, ఇచ్చినవాడు జైలుకి పోతాడు. అదేనని నేను అనడం లేదు. ల్యాబ్ అనాలి. అనడానికి మేత ఉండాలి. మీరు పారేయించారు."

"మరి ఇంకేం!" అతను చేతులు దులుపుకున్నాడు.

నరేంద్రబాబు గడియారం చూసుకున్నాడు. పదకొండూ ఇరవై. ఇక్కడి నుంచి కోర్టుకి గంట. కాగితాలకి ఇంకో గంట. అతని ముఖంలో ఇందాకటి ధీమా లేదు కానీ, చేతిలో వేరే మనిషీ లేడు. కానిస్టేబుల్ హజరత్తయ్య భుజం మీద చెయ్యి వేశాడు. వెంకటశేషమ్మ గుడ్లనీరు కుక్కుకుంటూ లేచి నిలబడింది.

అప్పుడు హజరత్తయ్య అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తాను అనుకుంటున్నట్టుగా. "మేత లేకపోవడమేంది? పొట్లం ఉండాది కదా."

"ఏం పొట్లం?" క్యాథరిన్ గిరుక్కున తిరిగింది.

"చేదు మేత పొట్లమమ్మా. ఆదివారం రూఫస్ బాబే కట్టించినాడు. గుప్పెడు తీసి మీ ఇంట్లో పెట్టన్నా, ఈడుంటే ఎలకలు తింటాయి, ల్యాబుకి పంపిద్దాం అన్నాడు. వసారాలో దూలానికి వేలాడదీసినా."

"ఈ మాట రెండు రోజులుగా ఎందుకు చెప్పలేదురా?" నరేంద్రబాబు దాదాపు అరిచాడు.

"మీరు అడగలా సారూ. ఎన్నింటికి, ఎన్ని నిమిషాలు, ఎన్ని అడుగులు అనే అడిగినారు."

"పొట్లం సంగతి ఎవరెవరికి తెలుసు?" అని అడిగింది క్యాథరిన్.

"నాకు, బాబుకి, మా ఇంటిదానికి. ఇంకెవరికీ చెప్పలా. బాబు చెప్పొద్దన్నాడు."

క్యాథరిన్ వెంకటశేషమ్మ వైపు చూసింది. ఆమె ముఖంలో ఆశ పుట్టడానికి బదులు ఏదో అయోమయం కనిపించింది. కొంగు నోటి మీద నుంచి తీసి, మొగుడిని చూసి, విజయభాస్కర్‌ని చూసింది.

"ఆ పొట్లమా? అది ఇంట్లో లేదు కదయ్యా."

"లేదా? ఏమైంది మే?"

"నిన్న పొద్దుగూకే యాళకి ఈ అబ్బయ్యే వచ్చినాడు కదా," ఆమె చెయ్యి చాచి విజయభాస్కర్‌ని చూపించింది. "మీ ఆయన్ని నేను విడిపిస్తానక్కా, వసారాలో కట్టిన మేత పొట్లం ఇయ్యి, లాయరుకి చూపియ్యాల అన్నాడు. దూలం కాడ కట్టుండాదని కూడా ఆ అబ్బయ్యే చెప్పినాడు. దేముడే పంపించినాడనుకుని, స్టూలేసుకుని ఇప్పి ఇచ్చినా. తప్పు చేసినానామ్మా?"

గుంటలో ఏరేటర్ల చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి.

"తప్పేం చేయలేదు వెంకటశేషమ్మా," అంది క్యాథరిన్. "పొట్లం ఇంట్లో ఉండి ఉంటే మేత చేదని మాత్రమే తెలిసేది." ఆమె విజయభాస్కర్‌కి ఎదురుగా వెళ్ళి నిలబడింది. గొంతు ఏమాత్రం పెరగలేదు. "ఇందాక మీరే చెప్పారు, మంగళవారం రూఫస్‌తో అంకెలు తప్ప ఇంకేమీ మాట్లాడలేదని. సోమవారం రాత్రి దాకా ఆ పొట్లం సంగతి తెలిసింది ముగ్గురికి. ఒకరు స్టేషన్లో ఉన్నారు. ఒకరు నిన్న మీ నోటే విన్నారు. మూడో మనిషి మీతో మాట్లాడింది నాలుగూ ఇరవై రెండుకీ ఐదూ పద్దెనిమిదికీ మధ్య. దూలానికి కట్టిన పొట్లం సంగతి మీకు ఎవరు చెప్పారు?"

విజయభాస్కర్ చూపు కారు వైపు పోయింది. నరేంద్రబాబు అప్పటికే వెళ్ళి కారు తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు.

"చెప్పండి విజయభాస్కర్ గారూ. మేడమ్ అడుగుతున్నారు."

కానిస్టేబుల్ హజరత్తయ్య భుజం మీద చెయ్యి తీసేశాడు. తీయమని అతనికి ఎవరూ చెప్పలేదు.

నరేంద్రబాబు జేబులోంచి చిన్న డైరీ తీసి, అలవాటు ప్రకారం ముందు టైము రాసుకున్నాడు: పదకొండూ ముప్పై రెండు. పెన్ను మూయబోయి, ఆగి, ఎదురుగా ఉన్న మనిషిని తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసి, దాని పక్కనే ఇంకో వరస కలిపాడు: 'ముఖం పాలిపోయింది. చూపు కారు వైపే. నీళ్ళు కషాయం రంగు.'